పాదం లేపే పెట్టె: రాయగడ పని డైరీ

ఏప్రిల్ రెండో వారం. పని ఏమిటి, ఎవరికి

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ వైపు తెలుగిళ్ళలో, కుష్ఠు వల్ల పాదం వేలాడిపోయే బాధను "పాదం లెగట్లేదు", "నడుస్తుంటే చెప్పు ఊడిపోతంది" అని చెప్తారు. మోకాలికి బయటివైపు, కాస్త కిందగా, వేలితో తడిమితే ఒక ఎముక గుబ్బ దొరుకుతుంది. దాని మెడను చుట్టుకుని ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. కుష్ఠు ఆ నరాన్ని వాచేలా చేసి చంపేస్తే పాదాన్నీ వేళ్ళనూ పైకెత్తే కండరాలన్నీ పడిపోతాయి. వేళ్ళు నేలకు తగలకుండా మనిషి మోకాలిని ఎత్తెత్తి వేయడం మొదలుపెడతాడు. మందుల కోర్సు పూర్తయినా, కండరాలు పడిపోయి ఏడాది దాటితే వాటంతట అవి లేస్తాయన్న ఆశ దాదాపు ఉండదు. అప్పుడు మిగిలేది ఆపరేషన్. దాని తరవాత పాదం ఎత్తడం మళ్ళీ నేర్పడానికి, కదలికను శబ్దంగా, దీపంగా చూపే చిన్న పెట్టె ఒకటి చేస్తున్నాం.

ఆపరేషన్‌లో వాడుకునేది టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం. పిక్కలో బాగా లోతున, ఎముకలను ఆనుకుని ఉంటుంది. పాదాన్ని లోపలికి తిప్పడం దాని పని. ఇది వేరే నరం కింద పనిచేస్తుంది. ఆ నరాన్ని కూడా కుష్ఠు దెబ్బతీస్తుంది గానీ, తీసేది కింద, లోపలి గిలక వెనక. ఈ కండరానికి పోయే కొమ్మ అంతకు చాలా పైనే విడిపోతుంది. అందుకే అరికాలు పూర్తిగా మొద్దుబారినవాళ్ళలో కూడా ఈ కండరం గట్టిగానే ఉంటుంది. దాని టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడును, పాదం లోపలి అంచు దగ్గర విడదీస్తారు. కాలి ముందువైపుకు మళ్ళించి రెండు పాయలు చేస్తారు. ఒక పాయను బొటనవేలిని ఎత్తే తాడుకు, రెండోదాన్ని మిగతా వేళ్ళను ఎత్తే తాళ్ళకు కుడతారు. మడమ వెనక తాడు కుంచించుకుపోయి ఉంటే దాన్నీ పొడిగిస్తారు.

సర్జన్ పని అక్కడితో అయిపోతుంది, మెదడు పని అక్కడ మొదలవుతుంది. తాడు చోటు మారింది గానీ కండరం మారలేదు, నరం మారలేదు. మెదడులో కాలిని కదిలించే భాగం రెండు అర్ధగోళాలు ఎదురెదురుగా ఉండే లోపలి గోడమీద, నడినెత్తికి కింద ఉంటుంది. అక్కడినుంచి బయల్దేరే ఆజ్ఞ ఇప్పటికీ "లోపలికి తిప్పు" అనే. పైగా ఈ కండరానికి నడకలో అలవాటైన సమయం వేరు. పాదం నేలమీద ఉన్నప్పుడు అది బిగుస్తుంది, గాలిలో ఉన్నప్పుడు వదులవుతుంది. ఇప్పుడు సరిగ్గా తలకిందులుగా చేయాలి. మెదడు రెండు మార్చుకోవాలి: ఏ కోరికకు ఏ కండరం అన్నది ఒకటి, ఎప్పుడు అన్నది రెండోది. మొదటిది మొదటి వారంలోనే వస్తుంది, రెండోదానికి నెలలు పడుతుంది.

1940లో మెదడు శాస్త్రజ్ఞుడు రోజర్ స్పెర్రీ ఎలుకల వెనక కాళ్ళలో ఎదురెదురు కండరాల తగిలింపులను తారుమారు చేసి చూశాడు. ఎలుకలు ఆ తప్పు కదలికను సరిదిద్దుకోలేదు. మనిషి సరిదిద్దుకోగలడు, ఎందుకంటే మాట వింటాడు, కళ్ళతో చూస్తాడు, కావాలని ప్రయత్నించి మళ్ళీ మళ్ళీ చేస్తాడు. ఈ పెట్టె ఆ చూపునూ వినికిడినీ పదును చేయడానికే. అరికాలు స్పర్శ ఇవ్వదు కాబట్టి కంటినీ చెవినీ ఆ పనికి పెట్టాలి. ఒక్క ఊరట ఏమిటంటే, కుష్ఠులో చర్మం మొద్దుబారినా పైనున్న కండరాల్లోని సాగుడు గ్రాహకాలు చాలామందిలో పనిచేస్తూనే ఉంటాయి. కాలు ఎటు వంగిందో మెదడుకు లీలగానైనా తెలుస్తుంది.

ఏప్రిల్ ఆఖరు. కోతకు ముందే పాఠం

ఆపరేషన్ తేదీకి మూడు వారాల ముందునుంచి కండరాన్ని విడిగా బిగించడం నేర్పుతున్నాం. అసలు తేడా ఇక్కడే వస్తుంది. కోత అయ్యాక నొప్పి, వాపు, ప్లాస్టర్ తరవాతి బిగుసుదనం అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఏ కండరాన్ని పిలవాలో అప్పుడు వెతుక్కుంటే ఆలస్యమవుతుంది.

పద్ధతి ఇది. మనిషి మంచం అంచున కూర్చుని, రెండో కాలి తొడమీద ఈ కాలి గిలక పెట్టుకోవాలి. పాదం కాస్త కిందికి వాలి ఉండాలి. అరికాలు పైకప్పు వైపు చూసేలా లోపలికి తిప్పాలి. మన చెయ్యి పాదం లోపలి అంచున అడ్డం పెట్టి వ్యతిరేకంగా తొయ్యాలి. లోపలి గిలకకు వెనకనుంచి ముందుకు ఒక తాడు ఉబుకుతుంది. అతని వేలినే దానిమీద పెట్టించాలి. చేతి వేళ్ళు కూడా మొద్దుబారి ఉంటే కళ్ళతో చూపించాలి. పది బిగింపులు, ఒక్కోటి 5 సెకన్లు, రోజుకు ఐదుసార్లు. మడమ తాడు సాగదీయడం దీనికి తోడు.

మాట దగ్గర ఒక పొరపాటు దొర్లింది. మొదట్లో "పాదం ముడువు" అని చెప్పాం. అలా అనేసరికి అందరూ వేళ్ళు ముడుస్తున్నారు. వేళ్ళు ముడిచే కండరాలు ఇదే నరం కిందివి, ఇదే గుంపులో పనిచేస్తాయి. రెండూ కలిసి మెదడులో ఒకే మూటగా కట్టుకుపోతే, రేపు పాదం ఎత్తమన్నప్పుడల్లా వేళ్ళు ముడుచుకుంటాయి. "అరికాలు చూపించు" అని మార్చాం. ఆ మాటతో వేళ్ళు వదులుగా ఉంటున్నాయి. కువి (ఇక్కడి కోంధుల భాష), ఒడియా మాట్లాడేవాళ్ళకు కూడా ఇదే అర్థం వచ్చే మాటను వాళ్ళ ఇంటివాళ్ళనే అడిగి రాసుకున్నాం. అట్టముక్కమీద పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్కన కట్టాం. నర్సు, ఆయా, భార్య, కొడుకు ఎవరు చెప్పినా అదే మాట చెప్పాలి. ఒకరు "ఎత్తు", ఇంకొకరు "తిప్పు", మరొకరు "లాగు" అంటే మెదడుకు మూడు వేర్వేరు పనులు చెప్పినట్టు.

మే మొదటి వారం. మొదటి పెట్టె, ఎందుకు పక్కన పెట్టాం

మొదటి ఆలోచన తేలిగ్గా అనిపించింది. కండరం బిగిసినప్పుడు పుట్టే విద్యుత్తును చర్మం మీదనుంచి పట్టుకుని శబ్దంగా మార్చాలి. బయోయాంప్ ఈఎక్స్‌జీ పిల్ అనే చిన్న బోర్డు, ఆర్డ్వినో నానో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, అంటించే ఎలక్ట్రోడ్లు మూడు. సెకనుకు 500 సార్లు చదవడం, 70 నుంచి 150 హెర్ట్జ్ మధ్య భాగాన్నే ఉంచడం. ఇలా చేస్తే కరెంటు తీగల 50 హెర్ట్జ్ గోల చాలావరకు పోతుంది.

శబ్దం బాగానే వచ్చింది, కానీ మనకు కావలసిన కండరానిది కాదు. టిబియాలిస్ పోస్టీరియర్ పైన పిక్క కండరాలు మందంగా పరుచుకుని ఉన్నాయి. చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడ్లకు ముందు వినబడేది ఆ పిక్కే. మనిషి పాదాన్ని కిందికి తొక్కితే పెట్టె ఇంకా గట్టిగా మోగింది. అంటే చేయకూడనిది చేసినప్పుడు మెచ్చుకుంటోందన్నమాట. మెదడు దేనికి మెచ్చుకోలు దొరికితే దాన్నే నేర్చుకుంటుంది. ఇలాంటి పెట్టె ఉండటం కంటే లేకపోవడం మేలు. లోతు కండరాన్ని నేరుగా వినాలంటే సన్న తీగను సూదితో దింపాలి. అది పరీక్షగదిలో చేసే పని, ఇంటిదగ్గర రోజూ చేసేది కాదు.

అయితే ఆ బోర్డును పారేయలేదు, పని తిరగేశాం. పిక్క లోపలివైపు ఉబ్బుమీద 2 సెంటీమీటర్ల ఎడంతో రెండు ఎలక్ట్రోడ్లు, మూడోది కాలి ముందెముక మీద. పాదం ఎత్తే ప్రయత్నంలో పిక్క కూడా బిగిస్తే ఎర్ర దీపం వెలుగుతుంది. అంటే ఇది తప్పును పట్టే చెవి. ఒప్పును చూడటానికి కోణం కొలిచే సెన్సార్లు పెట్టాలి.

మే మూడో వారం. ప్లాస్టర్ రోజులు

పాదం పైకి వంచిన స్థితిలో మోకాలి కిందనుంచి ప్లాస్టర్. కుట్టిన తాడు అతుక్కోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు. మన జిల్లాలోనే మునిగుడలో కుష్ఠు శస్త్రచికిత్స చేసిన బృందం మొదటి వారంలోనే అదుపులో కదలిక మొదలుపెట్టే పద్ధతిని పరీక్షించి ప్రచురించింది. దానికి కుట్టు గట్టిగా ఉండాలి, ఫిజియో రోజూ పక్కనుండాలి. మేం పనిచేసే చోట సర్జన్ ప్లాస్టర్‌నే ఎంచుకున్నారు. ఎప్పుడు కదిలించాలన్నది సర్జన్ మాటే, దానిమీద పెట్టెకు ఏ హక్కూ లేదు.

ఈ వారాల్లో మెదడు ఊరుకోదు. 1995లో జర్మనీలో చీలమండ కదలకుండా కట్టి ఉంచినవాళ్ళ మెదడును పుర్రెపైనుంచి అయస్కాంత పల్సులతో పరీక్షించారు. పాదం ఎత్తే కండరానికి మెదడులో ఉన్న చోటు కుంచించుకుపోయిందని తేలింది. కట్టు ఎన్నాళ్ళుంటే కుంచింపు అంత ఎక్కువ. కండరాన్ని తానే బిగిస్తే ఆ కుంచింపు త్వరగా వెనక్కి పోయింది. కుట్టు పచ్చిగా ఉన్నప్పుడు బిగించమనలేం. ఊహించమనగలం, చూడమనగలం.

అద్దం పలక చేశాం. 60 సెంటీమీటర్ల పొడవు, 45 ఎత్తు, 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ అద్దం. గాజు వద్దు, మొద్దుబారిన పాదం పక్కన పగిలితే కోసుకున్నట్టు కూడా తెలియదు. ఉత్త అక్రిలిక్ వంగి పాదాన్ని సాగదీసి చూపించింది. వెనక 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంటించాక బొమ్మ నిటారుగా వచ్చింది. అంచులకు సైకిల్ ట్యూబు చీల్చి చుట్టాం. మనిషి కాళ్ళు చాపి కూర్చుంటాడు. అద్దం రెండు కాళ్ళ మధ్య, మంచి కాలివైపు తిరిగి ఉంటుంది, ప్లాస్టర్ కాలు వెనక దాగుతుంది. మంచి పాదాన్ని నెమ్మదిగా ఎత్తుతూ అద్దంలో చూస్తే కట్టులో ఉన్న పాదమే లేచినట్టు కనిపిస్తుంది. 1990లలో మెదడు శాస్త్రజ్ఞుడు వి.ఎస్. రామచంద్రన్ చెయ్యి పోయినవాళ్ళకు వాడిన ఉపాయం ఇదే. రెండు కాళ్ళకూ కుష్ఠు సోకి రెండు పాదాలూ వేలాడేవాళ్ళకు ఇది పనికిరాదు. వాళ్ళకు ఎదురుగా ఇంకొకరు కూర్చుని పాదం ఎత్తి చూపించాలి.

పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. అంతకు మించితే మనసు పక్కకు పోతుంది.

జూన్ మొదటి వారం. రెండో పెట్టె

కోణానికి ఎంపీయూ6050 సెన్సార్. మొదట ఒక్కటే, పాదం పైభాగాన కట్టాం. వెంటనే తప్పు తెలిసింది. కూర్చున్న మనిషి పాదం కదపకుండా తొడ ఎత్తేసినా సెన్సార్ వంగుతుంది, శబ్దం పెరుగుతుంది. ఏళ్ళుగా మోకాలు ఎత్తి నడిచిన మెదడుకు అది బాగా పరిచయమైన దారి. రెండో సెన్సార్ కాలి ముందెముక మీద కట్టి, రెండింటి తేడానే చీలమండ కోణంగా తీసుకున్నాం. రెండో దానిలో చిరునామా మార్చే పిన్నును 3.3 వోల్టులకు కలిపితే రెండూ ఒకే జత తీగలమీద పనిచేస్తాయి. కూర్చుని చేసే నెమ్మది కదలికలకు గురుత్వాకర్షణ దిశనుబట్టి వంపు లెక్కిస్తే చాలు. సెకనుకు 100 సార్లు చదివి, 10 రీడింగుల సగటు తీశాం. సెన్సార్ గోల 1 డిగ్రీ లోపే ఉంటుంది. పట్టీ జారితే వచ్చే తప్పు అంతకంటే ఎక్కువ, 2-3 డిగ్రీలు. అందుకే పట్టీ పెట్టిన చోట బాల్‌పెన్నుతో చర్మంమీద గీత గీసి రోజూ అక్కడే కడుతున్నాం.

ఆలస్యం గురించి ఒక మాట. మొదటి పెట్టెలో పావు సెకను సగటు తీశాం. గీత నున్నగా వచ్చింది గానీ శబ్దం పాదం కంటే వెనకబడింది. పాదం దిగిపోతుండగా శబ్దం ఎక్కుతుంటే మెదడు రెండింటినీ జత కట్టలేదు. సగటు కిటికీని పదో వంతు సెకనుకు కుదించాం. గీత కాస్త గరుకైంది, ఫర్వాలేదు.

శబ్దానికి పీజో బిళ్ళ పెట్టి చూశాం. చిన్న పీజో సన్నటి కీచు స్వరంలోనే గట్టిగా పలుకుతుంది, 300 హెర్ట్జ్ దగ్గర వినిపించనే లేదు. వయసు మళ్ళినవాళ్ళ చెవికి కీచు స్వరం అందదు. 8 ఓంల చిన్న స్పీకర్, బీసీ547 ట్రాన్సిస్టర్, స్పీకర్ వరసలో 100 ఓంలు, బేస్ దగ్గర 1 కిలో ఓం. స్వరం 250 నుంచి 900 హెర్ట్జ్ దాకా కోణాన్నిబట్టి ఎక్కుతుంది. నానోలో స్వరం పుట్టించే టైమరు 3, 11 పిన్నుల వెలుగు తగ్గింపుతో తగాదా పడుతుంది. ఎర్ర దీపాన్ని 9వ పిన్నుకు మార్చాక వణుకు పోయింది.

కరెంటు గోడనుంచి వద్దు. ఎలక్ట్రోడ్లు మనిషికి తగిలి ఉన్నప్పుడు గోడ ప్లగ్గుకు కలిపిన దేనినీ ఈ పెట్టెకు తగిలించకూడదు, చార్జ్ అవుతున్న ల్యాప్‌టాప్‌ను కూడా. పవర్‌బ్యాంకు పెడితే కొద్దిసేపటికే ఆగిపోతోంది. పెట్టె తీసుకునే కరెంటు అతి తక్కువ కాబట్టి ఏదీ తగిలించలేదనుకుని అది నిద్రపోతుంది. నాలుగు రీచార్జబుల్ ఏఏ సెల్లులు, వరసలో 1ఎన్4007 డయోడ్. నిండుగా చార్జ్ చేసిన నాలుగు సెల్లులు 5.6 వోల్టులు దాటొచ్చు, చిప్పుకు అది ఎక్కువ. డయోడ్ దాదాపు 0.7 తగ్గిస్తుంది, సెల్లులు తిరగేసి పెట్టినా కాపాడుతుంది. సెల్లు దిగేకొద్దీ కొలత కూడా మారిపోతుంది. అందుకే ప్రతిసారీ మొదట 10 సెకన్లు పూర్తి విశ్రాంతిలో పిక్క విద్యుత్తు సగటు తీసి, దానికి రీడింగుల చెదరుపాటుకు మూడింతలు కలిపి హద్దు పెట్టుకుంటాం. పూర్తి బలంతో తొక్కించి హద్దు కొలవడం పుస్తకపు పద్ధతి. ఇక్కడ అది నిషిద్ధం, కొత్త కుట్టును లాగేస్తుంది.

జూన్ రెండో వారం. ప్లాస్టర్ తీశాక మొదటి ఏడు రోజులు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన వారం ఇదే.

మొదటి రోజు పెట్టె ఆన్ చేయలేదు. పక్కకు తిరిగి పడుకోబెట్టి, మోకాలు వంచి, కాలిని దిండుమీద పెట్టించాం. మోకాలు వంచితే పిక్క పై కండరం వదులవుతుంది. పక్కకు పడుకుంటే పాదం బరువును ఎత్తనక్కర్లేదు. మాట పాతదే: "మావయ్యా, అరికాలు చూపించు." పైకి లేపమని అనకూడదు. "పైకి" అనగానే మెదడు చచ్చిన కండరాలకు కబురు పంపుతుంది, జవాబు రాదు, మనిషి తొడనూ నడుమునూ బిగిస్తాడు. లోపలికి తిప్పాలనుకుంటేనే పాదం పైకి లేస్తుంది. ఒకాయన చూసి, "ఏటి బావూ, నాను లోపలికి తిప్పితే అది పైకెల్తంది" అన్నాడు. ఆ ఆశ్చర్యమే మెదడుకు కావలసిన మేత. అనుకున్నదీ కనబడిందీ వేరైనప్పుడే అది తన లెక్క సవరించుకుంటుంది. అందుకే ఆ క్షణంలో అతని కళ్ళు పాదం మీదే ఉండాలి. దుప్పటి కప్పకూడదు, గదిలో వెలుగుండాలి.

మూడో రోజునుంచి మాట మార్చాం: "లోపలికి తిప్పుతూ పైకి." ఐదో రోజు: "పైకి, కాస్త లోపలికి." వారం చివర ఒక్క "పైకి". కొందరికి రెండో మెట్టుమీద ఇంకో మూడు రోజులు ఉండాల్సి వచ్చింది. మెట్టు ఎక్కాలా వద్దా అన్నదానికి ఒకే గుర్తు: పదింటిలో ఏడుసార్లు పిక్క దీపం వెలగకుండా పాదం కదలాలి. మెదడులో పాత దారిని చెరిపి కొత్తది వెయ్యడం లేదు. ఉన్న దారికే కొత్త పేరు పెడుతున్నాం. పేరు తొందరగా మారిస్తే దారి దొరకదు, మార్చకుండా వదిలేస్తే నడకలో ప్రతి అడుగుకూ "లోపలికి తిప్పాలి" అని తలచుకుంటూ ఉండిపోతాడు.

మోతాదు: ఒక విడతకు పది ప్రయత్నాలు, 3 సెకన్ల బిగింపు, 6 సెకన్ల విరామం. రోజుకు ఐదారు విడతలు. మొదటి ప్రయత్నంలో వచ్చిన కోణం మూడో వంతు తగ్గితే ఆ విడత ఆపేయాలి. కండరం అలిసిపోతే మెదడు వెంటనే తొడ ఎత్తే అలవాటుకు పోతుంది. అలిసిన కాలితో చేసిన యాభై ప్రయత్నాలు యాభైసార్లు తప్పు నేర్పినట్టే. మంచి కుటుంబాలే ఇక్కడ పొరబడతాయి, ఎక్కువ చేయిస్తే త్వరగా వస్తుందనుకుని రాత్రి కూడా చేయిస్తాయి.

పెట్టె లక్ష్యాన్ని ప్రతి విడతకూ తానే సరిచేసుకుంటుంది. పదింట ఎనిమిది దాటితే 1 డిగ్రీ పెంచు, ఐదుకు తగ్గితే 1 డిగ్రీ దించు. ఎప్పుడూ గెలిచేవాడి మెదడూ నేర్చుకోదు, ఎప్పుడూ ఓడేవాడూ పెట్టెను మూలన పెడతాడు.

చర్మం సంగతి. కుష్ఠులో చెమట నరాలు కూడా పోతాయి కాబట్టి కాలి చర్మం ఎండి పొలుసులుగా ఉంటుంది, ఎలక్ట్రోడ్ సరిగా పట్టదు. అందరూ రోజూ పాదాన్ని అరగంట నీళ్ళలో నానబెట్టి నూనె రాసుకుంటారు, రాసుకోవాలి కూడా. నూనె రాసుకుని వచ్చినవాళ్ళకు ఎలక్ట్రోడ్ జారిపోయింది. వరస మార్చాం: ముందు పెట్టె, తరవాత నీళ్ళు, ఆఖర్న నూనె. పట్టీ 5 సెంటీమీటర్ల వెడల్పు ఎలాస్టిక్, కింద రెండు వేళ్ళు దూరాలి. విప్పిన ఐదు నిమిషాల తరవాత ఎర్ర మచ్చ ఇంకా ఉంటే ఆ చోట మర్నాడు కట్టకూడదు. నొప్పి తెలిసినవాడు పట్టీ బిగుతైతే చెప్తాడు, ఇక్కడ చెప్పేవాడు లేడు.

జూన్ ఆఖరు. శబ్దాన్ని తగ్గించడం

శబ్దం ఉన్నప్పుడు పాదం చక్కగా లేస్తుంది. పెట్టె ఆపగానే సగమే లేస్తుంది. ఇది పెట్టె లోపం కాదు. బయటినుంచి ప్రతిసారీ జవాబు దొరుకుతుంటే మెదడు సొంత కొలతను పట్టించుకోదు. అందుకని రెండో వారం ఒకదానికి శబ్దం, ఒకదానికి మౌనం. మూడో వారం ఐదు ప్రయత్నాలు మౌనంగా చేయించి, "ఎన్ని సరిగ్గా వచ్చాయి?" అని ముందు అతన్నే అడిగి, అప్పుడు పెట్టె లెక్క చూపించాలి. తన అంచనాకూ పెట్టె లెక్కకూ తేడా తగ్గుతూ వస్తే లోపలి కొలత కుదురుతోందన్నమాట. కోణం పెరగడం కంటే ఈ తేడా తగ్గడమే మాకు నమ్మకమైన గుర్తు. ఈ దశలో కూర్చుని, కాలు వేలాడేసి, పాదం బరువుకు ఎదురుగా చేయించాలి.

మానాల్సినవి: కాళ్ళు వెనక్కి మడిచి పాదాలమీద కూర్చోవడం, బాసింపట్టు వేసి భోంచేయడం. రెండింటిలోనూ పాదం కిందికి సాగి కొత్త తాడును లాగుతుంది. పీట మీద కూర్చోవాలి. రాత్రి పాదం వాలిపోకుండా కాలి వెనకవైపు అచ్చు (స్ప్లింట్) కట్టుకోవాలి.

జులై. నడక, సమయం నేర్పడం

నిలబడటం మొదటి రెండు రోజులు బల్ల పట్టుకుని, బరువు సగమే. ప్లాస్టర్‌లో ఎముకలు పలచబడతాయి, మొద్దుబారిన పాదంలో విరిగినా తెలియదు. రోజూ రెండు పాదాల్లో ఒకే చోట వేడి కొలుస్తున్నాం. రెంటికీ తేడా 2 డిగ్రీల సెల్సియస్ దాటి, మర్నాడు కూడా అలాగే ఉంటే నడక ఆపి డాక్టరుకు చూపించాలి.

పాదం ఎప్పుడు నేల విడుస్తుందో తెలియాలని మడమ కింద ఒత్తిడి సెన్సార్ పెట్టాలనుకున్నాం. వెంటనే మానుకున్నాం. మొద్దుబారిన అరికాలి కింద నాణెమంత గట్టి వస్తువు కూడా పుండుకు మొదలు. కాలి ముందెముక మీదున్న సెన్సార్‌లోనే తిరుగుడు వేగం కొలిచే భాగం ఉంది. కాలు వెనకనుంచి ముందుకు ఊగడం మొదలయ్యే చోట ఆ గీత దిశ మారుతుంది. అక్కడ చిన్న "టిక్" ఇచ్చాం. ఆ టిక్‌కు పాదం ఎత్తాలి. నడక ఒక చక్రం అనుకుంటే, దాదాపు 60 శాతం నేలమీద, 40 శాతం గాలిలో. గాలిలో ఉండే ఆ కొద్ది సమయంలోనే ఈ కండరం కొత్తగా మేలుకోవాలి.

మొదట నిమిషానికి 40 అడుగులు, ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులతో, వరండాలో సుద్ద గీతలమీద, అడుగు పొట్టిగా వేస్తూ. వేగం పెంచితే పాత గుర్రపు నడక తిరిగొస్తుంది. పాదం లేస్తోంది కాబట్టి మోకాలు అంతెత్తు లేపనక్కర్లేదని మెదడుకు ఇంకా తెలియదు. ఇదే అన్నిటికంటే మొండి అలవాటు. పక్కన నిలువుటద్దం పెట్టి మోకాలి ఎత్తున గోడమీద గీత గీశాం, మోకాలు దాన్ని దాటకూడదు. గీత దాటకుండా ఇరవై అడుగులు వేస్తే నిమిషానికి 5 అడుగులు పెంచాలి.

తనంతట అది జరుగుతోందో లేదో తేల్చడానికి నడుస్తుండగా సంతలో కొన్న సరుకుల ధరలు అడుగుతాం. ఉల్లిపాయలు ఎంత, చింతపండు ఎంత, మొత్తం ఎంతయింది. లెక్క కడుతుంటే పాదం వాలిపోతే నడక ఇంకా ఆలోచనమీద నడుస్తోందన్నమాట. అలాంటివాళ్ళను ఒంటరిగా సంతకు పంపకూడదు.

ఆగస్టు మొదటి వారం

వరి ఊడ్పులు మొదలయ్యాయి, అందరికీ మడిలోకి దిగాలని ఉంది. ఒప్పుకోలేదు. బురదలోంచి కాలు లాగేటప్పుడు బురద పాదాన్ని పట్టేస్తుంది, మడమ పైకొస్తుంటే వేళ్ళు కిందికే ఉండిపోతాయి. కొత్త తాడుకు అంతకంటే పెద్ద లాగుడు లేదు. పైగా చెప్పులు లేని మొద్దు పాదం. ఈ పంట కారుకు నారు కట్టలు అందించడం, గట్టుమీది పనులు, అవీ చెప్పులతో. ఇంటి పెద్దలతో మాట్లాడి ఇది ఒప్పించడానికి పెట్టె చేసినంత సమయం పట్టింది.

ఇప్పటికి కనిపించే తేడాలు. ఆపరేషన్‌కు ముందు కండరాన్ని విడిగా బిగించడం వచ్చినవాళ్ళకు ప్లాస్టర్ తీసిన రోజే కదలిక కనిపించింది. రానివాళ్ళకు వెతుకులాటలోనే రోజులు పోయాయి. ఒకరికి పాదం లేస్తుంది గానీ లోపలికి ఒరుగుతోంది. రెండు పాయల బిగువులో తేడా ఉన్నా ఇలా కావచ్చు, మాట మెట్టు తొందరగా మార్చినా కావచ్చు. సర్జన్ చూసేదాకా "పైకి, కాస్త బయటికి" అని చేయిస్తున్నాం. ఇంకొకరికి కూర్చుంటే బాగా లేస్తుంది, నడకలో మాత్రం టిక్ లేకపోతే సమయం తప్పుతుంది. ఈ కండరం నడకలో తన పాత సమయాన్ని పూర్తిగా మార్చుకోనివాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళలో కూడా తాడు బిగువు వల్ల పాదం వేలాడకుండా నిలుస్తుంది, చెప్పు ఊడదు. ఆయనకు టిక్‌ను మూడడుగులకొకసారికి తగ్గించి ఇంకో నాలుగు వారాలు చూస్తాం.

వచ్చే పెట్టెకు మార్పులు: వానాకాలంలో తేమకు కనెక్టర్లు తుప్పు పట్టాయి, తీగలను నేరుగా టంకం వేయాలి. ఎర్ర దీపం ఎండలో కనబడట్లేదు, వణికే చిన్న మోటారును భుజానికి కట్టాలి, భుజం చర్మానికి స్పర్శ బాగుంది. రెండు కాళ్ళకూ ఆపరేషన్ అవసరమైన పెద్దమ్మ ఒకావిడ దసరా తరవాత వస్తున్నారు. ఆవిడకు అద్దం పలక పనికిరాదు కాబట్టి ఇప్పటికే నడక కుదిరినవాళ్ళలో ఒకరిని ఎదురుగా కూర్చుని పాదం ఎత్తి చూపించమని అడిగాం, ఒప్పుకున్నారు. "అరికాలు చూపించు" అట్ట ఆవిడ ఇంటికి ముందే పంపాం.